పాతిక పిన్నుల రేవు

మా మైక్రోప్రాసెసర్ ల్యాబ్ రికార్డులో తొమ్మిదో ప్రయోగం: ప్యారలల్ పోర్టుతో ఎనిమిది ఎల్ఈడీలు వెలిగించడం. నా రికార్డులో ఆ పేజీ చాలా నీట్‌గా ఉంటుంది. ఎడమవైపు పెన్సిల్‌తో గీసిన సర్క్యూట్, కుడివైపు టర్బో సీ ప్రోగ్రాం, అడుగున "ఎల్ఈడీలు ఒకటి విడిచి ఒకటి వెలిగాయి, ఫలితం సరిచూశాను" అని ఇంగ్లీషులో ఒక వాక్యం. దానికి పదికి పది మార్కులు కూడా పడ్డాయి.

అసలు విషయం ఏంటంటే, ఒక్క ఎల్ఈడీ కూడా వెలగలేదు. వెలగడానికి అక్కడ ఎల్ఈడీలే లేవు. మా ల్యాబ్‌లోని కొత్త కంప్యూటర్లకి ప్యారలల్ పోర్టు లేదు. ప్రోగ్రాంని డాస్‌బాక్స్‌లో నడిపాం, ఎర్రర్ రాలేదు, సీనియర్ల రికార్డు చూసి ఫలితం రాసేశాం. ఒక్క నేనే కాదు, బ్యాచ్ మొత్తం అంతే.

వైవాలో మేడమ్ అడిగిన ప్రశ్న ఒక్కటే. "నువ్వు పంపిన 85 ఎక్కడికి వెళ్లింది?" నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి ఆలస్యంగా రాస్తున్న జవాబు. ఆ పోర్టు ఏంటి, ఎలా పనిచేసేది, ఎందుకు పోయింది, అది పోతే ఇంట్లో కూర్చుని సర్క్యూట్లు కట్టుకునేవాళ్లకి ఏం నష్టం జరిగింది, ఇప్పుడు మనం ఏం చేయొచ్చు అన్నవి వరసగా చూద్దాం.

ఒక మనవి. నాది ఇంగ్లీషు మీడియం చదువు. పోర్టుకి తెలుగు మాట వెతికితే "రేవు" అని దొరికింది. పడవలు ఆగేచోటు, సరుకు ఎక్కించి దించేచోటు. మాట చాలా బాగుంది కానీ "సమాంతర రేవు" అంటే క్లాసులో ఎవరికీ అర్థం కాదు. అందుకని పోర్టుని పోర్టనే అంటాను, మనసులో మాత్రం రేవు అనుకుంటాను.

ఆ పోర్టు ఎలా ఉండేది?

పాత డెస్క్‌టాప్ వెనక్కి తిప్పి చూస్తే, రెండు వరసల్లో పాతిక రంధ్రాలున్న పొడవాటి సాకెట్ కనిపిస్తుంది. పై వరసలో పదమూడు, కింది వరసలో పన్నెండు. 1990ల చివర్లో పోర్టులకి రంగులు పెట్టే పద్ధతి వచ్చాక కీబోర్డుకి వంకాయరంగు, మౌస్‌కి ఆకుపచ్చ ఇచ్చినట్టే దీనికి ముదురు గులాబీలాంటి రంగు ఇచ్చారు. డీబీ-25 అనేది సాకెట్ పేరు. కంప్యూటర్ లోపల దాని పేరు ఎల్‌పీటీ1.

ఇది పుట్టింది ప్రింటర్ కోసం. 1970లో సెంట్రానిక్స్ అనే అమెరికన్ కంపెనీ తన ప్రింటర్‌కి ఒక కనెక్షన్ పద్ధతి తయారుచేసింది. ఒక అక్షరానికి ఎనిమిది బిట్లు కావాలి కాబట్టి ఎనిమిది తీగలు పెట్టి, అన్నిటినీ ఒకేసారి పంపేది. ఒకేసారి పక్కపక్కన వెళ్తాయి కాబట్టి ప్యారలల్. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌తో అదే పద్ధతిని పాతిక పిన్నుల సాకెట్‌లో ఇచ్చింది. ఆ తర్వాత ఐబీఎం పీసీని అనుసరించి వచ్చిన యంత్రాల్లో ఇది మామూలైపోయింది.

పాతిక పిన్నుల లెక్క ఇది:

2 నుంచి 9 వరకు ఎనిమిది పిన్నులు డేటా. కంప్యూటర్ బయటికి పంపేవి.

10, 11, 12, 13, 15 అనే ఐదు పిన్నులు స్టేటస్. "కాగితం అయిపోయింది", "నేను బిజీ" అని ప్రింటర్ కంప్యూటర్‌కి చెప్పేవి. అంటే లోపలికి వచ్చేవి.

1, 14, 16, 17 అనే నాలుగు పిన్నులు కంట్రోల్. "ఇదిగో అక్షరం, తీసుకో" అని ప్రింటర్‌కి సైగ చేసేవి.

18 నుంచి 25 వరకు ఎనిమిది పిన్నులు గ్రౌండ్.

ఎనిమిది, ఐదు, నాలుగు కలిపితే పదిహేడు సిగ్నళ్లు. అన్నీ 5 వోల్టుల లాజిక్ మీద నడిచేవే. ప్రింటర్ పక్కన పెట్టేస్తే మిగిలేది ఏంటి? కంప్యూటర్ నుంచి బయటి ప్రపంచంలోకి వచ్చిన పదిహేడు తీగలు. వాటిలో పన్నెండింటిని మనం ఆన్, ఆఫ్ చేయొచ్చు, ఐదింటిని చదవొచ్చు. హాబీవాళ్ల కళ్లు పడింది సరిగ్గా ఇక్కడే.

85 ఎక్కడికి వెళ్తుంది?

ఈ పోర్టు సాధారణంగా హెక్సాడెసిమల్‌లో 378 అనే అడ్రస్‌లో ఉంటుంది. డేటాకి 378, స్టేటస్‌కి 379, కంట్రోల్‌కి 37ఏ. టర్బో సీలో అవుట్‌పోర్ట్‌బీ అనే ఫంక్షన్‌కి 378 అడ్రస్, 85 విలువ ఇస్తే, ప్రాసెసర్ ఆ 85ని నేరుగా ఆ అడ్రస్‌లోని రిజిస్టర్‌లో రాస్తుంది. రిజిస్టర్‌లోని ఎనిమిది బిట్లే సాకెట్ మీది ఎనిమిది పిన్నులు. మధ్యలో ఎవరూ లేరు.

85ని బైనరీలో రాస్తే 01010101. అంటే 64, 16, 4, 1 కలిసినది. సున్నా బిట్ 2వ పిన్ను దగ్గర మొదలవుతుంది కాబట్టి 2, 4, 6, 8 పిన్నులకి 5 వోల్టులు వస్తాయి. 170 పంపితే 10101010, ఈసారి 3, 5, 7, 9 పిన్నులు. 85, 170 మార్చి మార్చి పంపితే ఎల్ఈడీలు ఒకటి విడిచి ఒకటి వెలుగుతాయి. ఒక్కో ఎల్ఈడీకి 470 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, రెండో కాలు గ్రౌండ్‌కి కలిపితే చాలు. మైక్రోకంట్రోలర్ అక్కర్లేదు, డ్రైవర్ అక్కర్లేదు, వేరే పవర్ సప్లై కూడా అక్కర్లేదు.

డాస్‌బాక్స్‌లో ఇదే ప్రోగ్రాం నడిపితే ఏమవుతుంది? డాస్‌బాక్స్ అనేది పాత కంప్యూటర్‌ని నటించే సాఫ్ట్‌వేర్. మామూలు డాస్‌బాక్స్‌లో ఆ అడ్రస్ వెనక అసలు పోర్టు ఉండదు. 85 వెళ్లి గాల్లో కలిసిపోతుంది. తప్పు జరిగిందని చెప్పే దిక్కు కూడా లేదు. అందుకే మా ప్రోగ్రాం "బాగా" నడిచింది.

మూలన ఉన్న యంత్రం

వైవా అయిన వారం తర్వాత ల్యాబ్ అసిస్టెంట్ సార్‌ని అడిగాను. "సార్, మన దగ్గర ఆ పోర్టున్న సిస్టమ్ ఒక్కటైనా ఉందాండీ?"

ఆయన కొంచెం ఆశ్చర్యంగా చూశారు. "ఉందమ్మా, స్టోర్ రూమ్‌లో. వచ్చే నెల స్క్రాప్‌కి పోతోంది. దాంతోపాటు పాత కిట్లు కూడా. ఇప్పుడెందుకు నీకు?"

"రికార్డులో అబద్ధం రాశాను సార్. ఒకసారి నిజంగా చూద్దామని."

ఆయన నవ్వి తాళం తీశారు. పెంటియం 4 యంత్రం, విండోస్ 98. దుమ్ము దులిపి, ర్యామ్ తీసి మళ్లీ పెడితే మూడోసారికి ఆన్ అయింది. ఎల్ఈడీ కిట్ తగిలించాం. నా రికార్డులో ఉన్న ప్రోగ్రాంనే అక్షరం మార్చకుండా టైప్ చేశాను. ఎంటర్ కొట్టగానే నాలుగు ఎల్ఈడీలు వెలిగాయి. అర సెకను ఆగి మిగతా నాలుగు.

యూట్యూబ్‌లో ఇంతకంటే వంద రెట్లు గొప్ప ప్రాజెక్టులు చూశాను. కానీ నేను రాసిన సంఖ్య ఒక తీగలో వోల్టేజీగా మారడం కళ్లారా చూడటం అదే మొదటిసారి. రెండేళ్లుగా కోడ్ రాస్తున్నాను, సంఖ్యలు స్క్రీన్ దాటి బయటికి వస్తాయని నాకు అప్పటిదాకా నిజంగా తెలియదు.

"మా డిప్లొమా రోజుల్లో ఇదేనమ్మా మా మొదటి ప్రాజెక్టు," అన్నారు సార్. "పాత ప్రింటర్ కేబుల్ కోసి, తీగలు ఒక్కోటీ మీటర్‌తో వెతుక్కుని, ఎల్ఈడీలు అతికించేవాళ్లం. కోఠీ గుజరాతీ గల్లీలో కాంపోనెంట్లు కొంటే బస్సు చార్జీయే ఎక్కువయ్యేది."

హాబీవాళ్లు దీంతో ఏం చేసేవాళ్లు?

చాలా చేసేవాళ్లు. రిలే పెట్టి ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు నడిపేవాళ్లు. ఢిల్లీ నుంచి వచ్చే ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ లాంటి పత్రికల్లో పీసీతో నడిచే సర్క్యూట్లు వచ్చేవి. కానీ మూడు పనులు అన్నిటికంటే ముఖ్యం.

మొదటిది, చిప్‌లకి ప్రోగ్రాం ఎక్కించడం. ఏవీఆర్ మైక్రోకంట్రోలర్లకి, మన కాలేజీ ప్రాజెక్టుల్లో తెగ వాడే ఏటీ89ఎస్52 లాంటి చిప్‌లకి ప్రోగ్రాం ఎక్కించాలంటే నాలుగు సిగ్నళ్లు, ఒక గ్రౌండ్ చాలు. ప్యారలల్ పోర్టు ఉంటే ప్రోగ్రామర్ అనే పరికరం కొనక్కర్లేదు. కొన్ని తీగలు, కొన్ని రెసిస్టర్లు, అంతే. మిగతాదంతా కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేరే పిన్నుల్ని ఆడిస్తూ చేసేది.

రెండోది, స్టెప్పర్ మోటార్లు. ఇంట్లో సీఎన్‌సీ యంత్రం కట్టుకునేవాళ్లు లినక్స్‌సీఎన్‌సీ, మాక్3 లాంటి సాఫ్ట్‌వేర్లతో ఈ పోర్టు నుంచే మోటార్లకి పల్స్‌లు పంపేవాళ్లు.

మూడోది, పక్కనే ఉండే సీరియల్ పోర్టుతో చేసే పనులు. తొమ్మిది పిన్నుల ఆ పోర్టు ఆర్‌ఎస్-232 అనే పద్ధతిలో నడుస్తుంది. అందులో 1 అంటే మైనస్ వోల్టేజీ, 0 అంటే ప్లస్ వోల్టేజీ, 3 నుంచి 15 వోల్టుల దాకా. జేడీఎం అనే పేరున్న ఒక చిన్న సర్క్యూట్ ఈ వోల్టేజీలనే వాడుకుని పిక్ చిప్‌లకి కావాల్సిన 13 వోల్టులు తయారుచేసేది. దానికి బయటి పవరే అక్కర్లేదు.

మరి ఎందుకు పోయింది?

ఇక్కడ మనం న్యాయంగా మాట్లాడాలి. పోర్టుని ఎవరో కుట్ర చేసి తీసేయలేదు.

1990ల మధ్యలో ఒక కంప్యూటర్ వెనక ఎన్ని రకాల సాకెట్లు ఉండేవో చూడండి. కీబోర్డుకొకటి, మౌస్‌కొకటి, ప్రింటర్‌కొకటి, మోడెమ్‌కొకటి, జాయ్‌స్టిక్‌కొకటి. ఒక్కోదానికి ఒక్కో రకం కేబుల్. కొత్త పరికరం తగిలిస్తే అడ్రస్‌లు, ఇంటరప్ట్‌లు ఒకదానితో ఒకటి గొడవపడేవి. ఈ గోల తీర్చడానికి 1996లో యూఎస్‌బీ వచ్చింది. దాన్ని రూపొందించినవాళ్లలో మన దేశంలోనే, బరోడాలో చదువుకుని ఇంటెల్‌లో పనిచేసిన అజయ్ భట్ ఒకరు. ఏది తగిలించినా కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టాలి, పవర్ కూడా అదే తీగలో రావాలి అన్నది ఆలోచన.

1998 ఆగస్టులో ఆపిల్ ఐమ్యాక్ పాత సీరియల్ పోర్టులు, ఫ్లాపీ డ్రైవ్ వదిలేసి యూఎస్‌బీతో బయటికి వచ్చింది. పీసీల వైపు ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి వేసిన డిజైన్ గైడ్లు కూడా పాత పోర్టులను క్రమంగా వదిలించుకోమనే చెప్పాయి. 2000లో యూఎస్‌బీ 2.0 సెకనుకి 480 మెగాబిట్ల వేగంతో వచ్చాక ప్రింటర్లకి పాత పోర్టుతో పనే లేకపోయింది. ల్యాప్‌టాప్‌లు పలచబడ్డాయి, అంత లావు సాకెట్‌కి చోటు లేదు.

సాఫ్ట్‌వేర్ వైపు ఇంకో తలుపు మూసుకుంది. విండోస్ 98 దాకా ఏ ప్రోగ్రాం అయినా పోర్టుని నేరుగా తాకొచ్చు. విండోస్ 2000, ఎక్స్‌పీ వచ్చాక మామూలు ప్రోగ్రాంకి ఆ హక్కు లేదు, మధ్యలో డ్రైవర్ ఉండాలి. ఇది భద్రత కోసం చేసిన మంచి పనే. ఒక చెత్త ప్రోగ్రాం మొత్తం కంప్యూటర్‌ని పడగొట్టకూడదు కదా.

అలాంటి పాత పోర్టులన్నిటికీ కలిపి "లెగసీ" అని పేరు పెట్టారు. నిఘంటువులో ఆ మాటకి వారసత్వం అని అర్థం, తాతగారి పొలంలాగా. కంప్యూటర్లలో మాత్రం "ఎప్పుడు వదిలించుకుందామా" అని చూసే పాత సామాను అని అర్థం. ఒకే మాటకి ఇంత తేడా చూసి నాకు నవ్వొచ్చింది.

యూఎస్‌బీ కేబుల్ కొంటే సరిపోదా?

నేనూ ఇదే అనుకున్నాను. ఒక చివర యూఎస్‌బీ, ఇంకో చివర ప్రింటర్ కనెక్టర్ ఉన్న కేబుళ్లు బజారులో దొరుకుతాయి. కానీ ఆ కేబుల్ తనని తాను "నేనొక ప్రింటర్‌ని" అని కంప్యూటర్‌కి పరిచయం చేసుకుంటుంది. దానికి ప్రింట్ చేయాల్సిన డేటా ఇవ్వొచ్చు. "5వ పిన్ను ఒక్కటి ఆన్ చెయ్" అంటే దానికి అర్థం కాదు. 378 అనే అడ్రస్ కూడా పుట్టదు.

పిన్నుల్ని విడివిడిగా ఆడించే యూఎస్‌బీ చిప్‌లు ఉన్నాయి, కానీ వాటిలో ఇంకో సమస్య, సమయం. పాత పోర్టులో ఒకసారి రాయడానికి సుమారు 1 మైక్రోసెకను పట్టేది. యూఎస్‌బీ ఫుల్ స్పీడ్‌లో మాటలు 1 మిల్లీసెకను ఫ్రేముల్లో నడుస్తాయి. ఒక పిన్ను మార్చడం, జవాబు చదవడం, మళ్లీ మార్చడం అనే పనిలో ప్రతి అడుగూ తర్వాతి ఫ్రేము కోసం ఆగాల్సి వస్తుంది. అంటే దాదాపు వెయ్యి రెట్లు తేడా.

ఒక లెక్క వేద్దాం. ఏటీమెగా8 చిప్‌లో 8 కిలోబైట్ల మెమరీ ఉంటుంది, 8192 బైట్లు. ఒక్కో బైటు ఎక్కించడానికి 32 బిట్ల ఆదేశం పంపాలి. ఒక్కో బిట్‌కి క్లాక్ తీగని ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఆడించాలి. మొత్తం 8192 × 32 × 2 = 5,24,288 కదలికలు. ఒక్కోటి 1 మైక్రోసెకను అయితే అంతా కలిపి అర సెకను. ఒక్కోటి 1 మిల్లీసెకను అయితే 524 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాల 44 సెకన్లు. చిప్ తనలో రాసుకునే సమయం దీనికి అదనం.

ఎనిమిది నిమిషాలు ఓపిక పట్టొచ్చు. స్టెప్పర్ మోటార్ ఓపిక పట్టదు. ఒక చుట్టుకి 200 అడుగులు వేసే మోటార్ సెకనుకి ఐదు చుట్లు తిరగాలంటే మిల్లీసెకనుకి ఒక పల్స్ ఠంచనుగా పడాలి. ఒక పల్స్ కొంచెం తొందరగా, ఇంకోటి కొంచెం ఆలస్యంగా పడితే మోటార్ వణుకుతుంది, అడుగు తప్పుతుంది, చెక్కుతున్న వస్తువు పాడవుతుంది.

సీరియల్ వైపు పరిస్థితి కొంచెం నయం. యూఎస్‌బీ సీరియల్ కేబుళ్లు అక్షరాలని చక్కగా మోస్తాయి. కానీ జేడీఎం లాంటి సర్క్యూట్లు ఆధారపడింది అక్షరాల మీద కాదు, వోల్టేజీల మీద. చాలా కేబుళ్లలో అంత వోల్టేజీ రాదు.

ఈ కథలో మన హైదరాబాద్ కూడా ఉంది. 1999లో మొదలైన మాస్‌చిప్ అనే హైదరాబాద్ కంపెనీ సరిగ్గా ఈ అవసరం కోసమే చిప్‌లు తయారుచేసింది. పాత సీరియల్, ప్యారలల్ పోర్టుల్ని పీసీఐ కార్డు మీదా, యూఎస్‌బీ మీదా తిరిగి ఇచ్చే చిప్‌లు. ఆ ఉత్పత్తులు తర్వాత తైవాన్‌కి చెందిన ఏసిక్స్ కంపెనీ చేతికి వెళ్లాయి. కానీ లినక్స్ కెర్నల్ డ్రైవర్లలో మాస్‌చిప్ పేరు ఇప్పటికీ ఉంది. వాటిలో 7715 అనే చిప్ యూఎస్‌బీ మీద ప్యారలల్ పోర్టుని కూడా ఇస్తుంది. ఆ కోడ్ చదువుతుంటే మన ఊరు పేరు దూరదేశంలో కనబడ్డట్టు అనిపించింది.

విత్తు ముందా, చెట్టు ముందా?

పోర్టు పోయాక హాబీవాళ్లకి వచ్చిన విచిత్రమైన చిక్కు ఇది. ప్యారలల్ కేబుల్ లేదు కాబట్టి యూఎస్‌బీ ప్రోగ్రామర్ కావాలి. యూఎస్‌బీఏఎస్‌పీ అనే ప్రోగ్రామర్ డిజైన్ ఉచితంగా దొరుకుతుంది, మనమే కట్టుకోవచ్చు. కానీ దాని గుండె కూడా ఒక ఏటీమెగా8 చిప్పే. ఆ చిప్‌లోకి ముందు ప్రోగ్రాం ఎక్కాలి. ఎక్కించడానికి ప్రోగ్రామర్ కావాలి! పాత పోర్టున్న స్నేహితుడి ఇంటికి వెళ్లి ఆ ఒక్క చిప్‌లో ప్రోగ్రాం ఎక్కించుకుని రావాలి, లేదా తయారైనది కొనుక్కోవాలి.

ఆర్డుయినో కథ కూడా అలాగే మొదలైంది. 2005లో ఇటలీలోని ఇవ్రేయాలో అది పుట్టినప్పుడు తొలినాటి బోర్డుల్లో తొమ్మిది పిన్నుల సీరియల్ సాకెట్ ఉన్నవి ఉన్నాయి. ఖాళీ చిప్‌లో బూట్‌లోడర్ ఎక్కించడానికి ప్యారలల్ పోర్టు కేబుల్ వాడేవాళ్లు. తర్వాత యూఎస్‌బీ బోర్డులు వచ్చాయి, పాత పోర్టుల అవసరం తీరిపోయింది. ఏరు దాటాక తెప్ప తగలేశారని నేను అనను. కానీ ఆ ఏరు దాటించిన తెప్ప ఏదో మన సిలబస్‌లో ఎక్కడా సరిగ్గా చెప్పరు.

లాభమా, నష్టమా?

రెండూ ఉన్నాయి. ప్యారలల్ పోర్టుకి రక్షణ పెద్దగా ఉండేది కాదు. ఒక తీగ తప్పు తగిలితే పోర్టు కాలిపోయేది, ఒక్కోసారి మదర్‌బోర్డే పోయేది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ కాల్చేస్తే నాన్నగారికి ఏం చెప్తాం? ఈరోజు ఆర్డుయినో పోతే పోయేది కొన్ని వందల రూపాయలే. అందులో అనలాగ్ ఇన్‌పుట్‌లు ఉన్నాయి, టైమర్లు ఉన్నాయి, కంప్యూటర్ ఆపేసినా తన పని తను చేసుకుంటుంది. స్టెప్పర్ పల్స్‌లు కూడా అదే ఠంచనుగా ఇస్తుంది.

మరి పోయింది ఏంటి? ఒకటి, కొనకుండా మొదలుపెట్టే అవకాశం. అప్పట్లో కంప్యూటర్ ఉంటే చాలు, సగం ప్రయోగశాల ఉన్నట్టే. రెండు, పాత పరికరాలు. ఎప్రమ్ బర్నర్లు, ల్యాబ్ కిట్లు, చిన్న సీఎన్‌సీ యంత్రాలు నిక్షేపంగా పనిచేస్తున్నా, తగిలించే చోటు లేక మూలన పడ్డాయి. మూడు, నా దృష్టిలో పెద్దది: ఏ తెరా లేకుండా కంప్యూటర్‌ని చూసే అవకాశం. డిజిటల్‌రైట్ అని రాస్తే పిన్ను వెలుగుతుంది, కానీ లోపల ఏం జరిగిందో లైబ్రరీ దాచేస్తుంది.

అయితే ఆ తెర తీసేయొచ్చు. ఆర్డుయినో ఊనోలో కూడా పోర్టులున్నాయి! పోర్ట్‌బీ, పోర్ట్‌సీ, పోర్ట్‌డీ అని మూడు రిజిస్టర్లు. డీడీఆర్‌బీలో 63 రాస్తే 8 నుంచి 13 వరకు ఆరు పిన్నులు అవుట్‌పుట్ అవుతాయి. పోర్ట్‌బీలో 21 రాస్తే 8, 10, 12 పిన్నులు వెలుగుతాయి, 42 రాస్తే 9, 11, 13. ఇది అచ్చంగా 85, 170ల కథే. రేవు మారింది కానీ సరుకు దించే పద్ధతి మారలేదు.

మేం కట్టిన డబ్బా

చివరిగా మా ప్రయోగం. స్క్రాప్‌కి పోవాల్సిన కిట్లు చూస్తే బాధేసింది. ఎల్ఈడీ కిట్, ట్రాఫిక్ లైట్ కిట్, స్టెప్పర్ కిట్, అన్నిటికీ పాతిక పిన్నుల కేబుళ్లే. "కంప్యూటర్ పోతే పోయింది, కిట్లు ఉంచండి సార్, ఏదో ఒకటి చేస్తాం" అన్నాను. "రెండు వారాలు టైమిస్తానమ్మా" అన్నారు.

నేనూ, నా రూమ్మేటూ కలిసి ఒక ఆర్డుయినో ఊనోకి పాతిక రంధ్రాల సాకెట్ తగిలించాం. డేటా పిన్నులు 2 నుంచి 9, ఊనోలో ఖాళీగా ఉన్నవి కూడా 2 నుంచి 9! ఏ నంబరుకి ఆ నంబరే కలిపాం. రెండిటి లాజిక్ 5 వోల్టులే. 18 నుంచి 25 దాకా గ్రౌండ్‌కి. ఊనోలో 0, 1 పిన్నులు కంప్యూటర్‌తో మాట్లాడటానికి వదిలేశాం.

మొదట ఎల్ఈడీలు తప్పుగా వెలిగాయి. కారణం తెలుసుకోవడానికి ఒక రాత్రి పట్టింది. ఊనోలో 2 నుంచి 7 పిన్నులు పోర్ట్‌డీలో, 8, 9 పోర్ట్‌బీలో ఉంటాయి. అందుకని వచ్చిన బైటుని రెండు ముక్కలు చేయాలి. కింది ఆరు బిట్లని రెండు స్థానాలు ఎడమకి జరిపి పోర్ట్‌డీలో, పై రెండు బిట్లని ఆరు స్థానాలు కుడికి జరిపి పోర్ట్‌బీలో రాయాలి. మిగతా పిన్నులు కదలకుండా మాస్క్ చేయాలి. ఎనిమిది తీగలూ ఒకే క్షణంలో మారవు, మధ్యలో కొన్ని క్లాక్‌ల తేడా ఉంటుంది. 16 మెగాహెర్ట్జ్‌లో ఒక క్లాక్ అంటే 62.5 నానోసెకన్లు. ఎల్ఈడీకి ఆ తేడా తెలియదు. వేగంగా చదివే చిప్‌కి తెలియొచ్చు.

సీరియల్ వేగం 1,15,200 పెట్టాం. ఒక బైటుకి పది బిట్లు కాబట్టి సెకనుకి 11,520 బైట్లు దాటవు. ఎల్ఈడీలకి, ట్రాఫిక్ లైట్లకి అది ఎక్కువే. స్టెప్పర్ కిట్‌కి మాత్రం అడుగుల టైమింగ్ ఊనో లోపలే పెట్టి, కంప్యూటర్ నుంచి "ఇన్ని అడుగులు వెయ్" అని మాత్రమే పంపాం. పై లెక్కలన్నీ చూశాక అలా ఎందుకు చేశామో మీకు అర్థమయ్యే ఉంటుంది.

పదమూడో రోజు సార్‌కి చూపించాం. ఎల్ఈడీ, ట్రాఫిక్ కిట్లు బాగా నడిచాయి. స్టెప్పర్ కొంచెం మూలుగుతూ తిరిగింది. కిట్లు మూడూ ల్యాబ్‌లోనే ఉండిపోయాయి. పెంటియం 4 మాత్రం వెళ్లిపోయింది. వెళ్లేముందు సార్ దాని వెనక ఉన్న ప్రింటర్ కేబుల్ ఊడదీసి నా చేతికిచ్చారు. "ఉంచుకోమ్మా, దీన్ని కోసుకోవచ్చు."

మీరు ప్రయత్నించాలనుకుంటే రెండు చిట్కాలు. కొన్ని డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల మీద సాకెట్ లేకపోయినా సీరియల్ పోర్టు కోసం చిన్న పిన్నుల వరస ఉంటుంది, పక్కన "కామ్" అని రాసి ఉంటుంది. కొన్నిటిలో ప్యారలల్‌కి కూడా ఉంటుంది. మాన్యువల్ చూడండి. అలాగే పాడైన వైఫై రూటర్ పారేసేముందు విప్పి చూడండి. చాలావాటి బోర్డు మీద సీరియల్ కన్సోల్ కోసం మూడు నాలుగు రంధ్రాల వరస ఉంటుంది. వోల్టేజీ తరచుగా 3.3 మాత్రమే, 5 వోల్టులు తగిలించకండి. పాత రేవులు నిజంగా పూడిపోలేదు, మూత కిందికి వెళ్లాయి అంతే.

తొమ్మిదో ప్రయోగం పేజీలో నేను రాసిన ఫలితం కింద కొత్త తేదీ వేసి, డబ్బాతో చేసిన సర్క్యూట్ గీసి అతికించాను. మేడమ్‌కి చూపించి, మొదటిది చూసి రాసిందని ఒప్పుకున్నాను. ఆవిడ మార్కులు తగ్గించలేదు, పెంచలేదు. "ఇప్పుడు చెప్పు, 85 ఎక్కడికి వెళ్లింది?" అన్నారు. 2, 4, 6, 8 పిన్నులకి మేడమ్, అన్నాను.